పాత బత్తాయి తోట తీసేస్తున్నారా, మొద్దులు వదలకండి

నల్లగొండ వైపు బత్తాయి తోట తీసెయ్యాలనుకునే వాళ్ల కారణాలు దాదాపు ఒకటే: బోరు ఎండిపోవడం, వేరుకుళ్లుతో చెట్టు తర్వాత చెట్టు పోవడం, లేదంటే వచ్చిన రేటు కోత కూలీకే సరిపోవడం. తీసేద్దామనుకున్నాక మందులూ నీళ్లూ ఆపేసి అలా ఎండబెట్టొద్దు, పురుగంతా పక్క తోటకి పోతుంది.

బ్యాంకు అప్పుంటే ముందే వాళ్లకి చెప్పండి. గట్టు మీద వేప, చింత లాంటివి కూడా కొట్టించాలనుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి సంగతి కనుక్కోండి. డ్రిప్ పైపులు చుట్టి షెడ్డులో పెట్టేయండి, జేసీబీ తిరిగాక ఏరుకుందామంటే ముక్కలే దొరుకుతాయి.

అసలు గొడవ కట్టె బేరంలో ఉంటుంది. బేరగాడు పైకట్టె నేలమట్టానికి కోసి పట్టుకుపోతాడు, మొద్దులు మన నెత్తినే. కొన్నాళ్లకి అంటు కింది భాగం నుంచి ముళ్ల ముళ్లగా జంబేరి (బత్తాయి అంటు కట్టే నిమ్మజాతి వేరుమొక్క) చిగుళ్లు లేస్తాయి, రోగం పట్టిన వేళ్లు మట్టిలోనే ఉంటాయి, ఇక ట్రాక్టర్ కల్టివేటర్ ఎక్కడ విరుగుతుందో చెప్పలేం. అందుకే కొమ్మలు మాత్రమే కొట్టించి, మూడు నాలుగు అడుగుల మాను నిలబెట్టి ఉంచండి, జేసీబీ దాన్ని నెట్టి వేళ్లతో సహా పెకలించడం తేలిక. 20 అడుగుల దూరంలో వేసిన తోటలో ఎకరాకు దాదాపు 110 చెట్లుంటాయి, కానీ పాత తోటలో సగం ఖాళీలే కాబట్టి నన్నడిగితే జేసీబీ వాళ్లతో గంటకింత అని కాకుండా చెట్టుకింత అని మాట్లాడుకోవడమే మేలు.

మార్చి, ఏప్రిల్‌లో తీస్తే మంచిది. నేల మరీ గట్టిగా ఉంటే, బోరులో నీళ్లుంటే, పైపులు తీసే ముందు ఒకసారి తడిపి కాస్త ఆరనివ్వండి, బురదలో మాత్రం మిషన్ దించొద్దు. వేళ్లని ఏరి పొలం బయటికి చేర్చాలి, గుంతలోనే వేసి పూడ్చేస్తే రోగాన్ని దాచిపెట్టుకున్నట్టే. గుంతలు ఎండాకాలమంతా తెరిచే ఉంచండి.

వానలు పడ్డాక పూడ్చి జీలుగో జనుమో చల్లి, పూతకొచ్చినప్పుడు కలియదున్నండి. వెంటనే మళ్లీ బత్తాయి, నిమ్మ పెట్టొద్దు, ఒకటి రెండేళ్లు కంది, పెసర లాంటివి వేసుకోవచ్చు. తర్వాత బత్తాయే కావాలంటే రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు అడగండి, పాత గుంతలు వదిలేసి వరసల మధ్యలో నాటి, గుంతకి వేపపిండి, ట్రైకోడెర్మా (వేరుకుళ్లుని అదుపు చేసే మేలు శిలీంధ్రం) కలిపిన పశువుల ఎరువు వేయండి.