సియాటెల్ లూమెన్ ఫీల్డ్ స్టేడియంలో సీహాక్స్ (అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) మ్యాచ్‌కి వెళ్తున్నారా?

కారు ఇంట్లోనే వదిలేయండి. స్టేడియం డౌన్‌టౌన్‌ని ఆనుకునే ఉంటుంది కాబట్టి మ్యాచ్ రోజు పార్కింగ్ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి, పైగా బయటికి రావడానికే బోలెడు టైమ్ పోతుంది. సిటీలో తిరిగే లింక్ రైలెక్కి స్టేడియం స్టేషన్‌లోనో, చైనాటౌన్ దగ్గరో దిగితే నాలుగు అడుగులే.

బ్యాగు విషయంలో మాత్రం వాళ్లు అస్సలు వినరు. లోపలున్నవి బయటికి కనిపించే ప్లాస్టిక్ బ్యాగే ఉండాలి, అదీ 12 బై 6 బై 12 అంగుళాలు దాటకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగ్ అయితే అరచేయంతే. టికెట్ ఫోన్లో ముందే వాలెట్‌లోకి ఎక్కించుకోండి, గేటు దగ్గర అంత జనంలో సిగ్నల్‌ని నమ్ముకుంటే టెన్షనే.

గొడుగు తేవద్దు, రానివ్వరు. పైకప్పు అన్ని సీట్లకీ లేదు, అందుకే రెయిన్‌కోట్ వేసుకోండి.

ఇక గోల సంగతి: 2013లో ఇక్కడి అరుపులు 137.6 డెసిబెల్స్ తాకి గిన్నిస్ రికార్డయ్యాయి, కాబట్టి పిల్లలకి చెవులు మూసే హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. అన్నట్టు, అవతలి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడే గట్టిగా అరవాలి, మనవాళ్లు ఆడుతుంటే నోరు మూసుకోవాలి. కిక్‌ఆఫ్‌కి (ఆట మొదలయ్యే ముందు) 12 నంబర్ జెండా ఎగరేస్తారు, మైదానంలో 11 మంది ఆడితే అభిమానులే పన్నెండో ఆటగాడని దానర్థం, అది మిస్సవకుండా కాస్త ముందే సీట్లో కూర్చోండి.

అయిపోగానే స్టేషన్‌కి పరుగెత్తకండి, చైనాటౌన్‌లో వేడివేడి నూడుల్స్ తిని రద్దీ తగ్గాక రైలెక్కండి.