గింజలు తింటున్నా షుగర్ దిగట్లేదా? ఇక్కడ చూసుకోండి

మా నాన్నకి షుగర్. ఎవరో చెప్పారని గుమ్మడి, పొద్దుతిరుగుడు, పుచ్చ, అవిసె గింజలు, నువ్వులు అన్నీ కలిపి ఓ స్టీలు డబ్బాలో పోసుకుని టీవీ పక్కనే పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి షుగర్ ఎక్కడిదక్కడే ఉంది, బరువు మాత్రం పెరిగింది.

సమస్య: షుగర్ తగ్గలేదు, బరువు పెరిగింది.

కారణం: గింజలు మందు కాదండీ. వాటిలో పిండిపదార్థం తక్కువ, పీచూ కొవ్వూ ఎక్కువ కాబట్టి షుగర్‌ని పెద్దగా పెంచవు, అంతే. తినే అన్నం అంతే తింటూ పైన ఇవి నమిలితే ఏం దిగుతుంది? 100 గ్రాముల్లో 550 క్యాలరీలకి అటూ ఇటూగా ఉంటాయి. నాన్న గుప్పెడు వంటింటి కాటా మీద పోయిస్తే 42 గ్రాములు తూగింది, అంటే దాదాపు ఓ పూట టిఫిన్, అలాంటివి రోజుకి మూడు గుప్పెళ్లు!

పరిష్కారం: రోజుకి 20 నుంచి 30 గ్రాములు, చెంచాతో కొలిచి, దేనికో ఒకదానికి బదులుగా. సాయంత్రం టీతో బిస్కెట్లు మానేసి ఇవి తినండి, లేదా ఒక దోశ తగ్గించి పక్కన ఇవి పెట్టుకోండి. డబ్బా టీవీ దగ్గర్నుంచి వంటింట్లోకి మార్చండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

కొలిచి తిన్నా రీడింగ్ ఎక్కువొస్తోందంటే ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ఎండు పళ్లు, తేనె కలిపిన మిక్స్ అయ్యుంటుంది. ఖర్జూరం, బెల్లంతో చుట్టిన గింజల లడ్డూ కూడా లడ్డూయే.

సమస్య: కడుపుబ్బరం, గ్యాస్, మలబద్ధకం.

అలవాటు లేని కడుపులోకి ఒక్కసారిగా అంత పీచు వెళ్తే, అదీ నీళ్లు సరిగ్గా తాగకపోతే, ఇలాగే అవుతుంది. ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా పెంచండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కొత్తగా వేసుకుంటున్నా గ్యాస్ రావచ్చు, పాపం గింజలదే తప్పనుకోకండి. చియా గింజలు మాత్రం పొడిగా నోట్లో వేసుకోవద్దు, నీళ్లు పీల్చి ఎన్నో రెట్లు ఉబ్బుతాయి, గొంతులో అడ్డం పడొచ్చు. అరగంట నానబెట్టాల్సిందే.

సమస్య: అవిసె గింజలు తిన్నవి తిన్నట్టే బయటికొస్తున్నాయి.

పైపొర గట్టిది, నమిలినా సరిగ్గా నలగదు. దోరగా వేయించి పొడి కొట్టండి, వారానికి సరిపడానే కొట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే ముక్కిపోయిన నూనె వాసన వస్తుంది, ఆ వాసనొస్తే పారేయండి. మా అమ్మ ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి కారప్పొడి చేస్తుంది. పొడి బాగుందని నాన్న రెండు ముద్దలు అన్నం ఎక్కువ తిన్న రోజు మాత్రం కథ మళ్లీ మొదటికే!

సమస్య: వణుకు, చెమటలు, కళ్లు తిరగడం.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ, అన్నం బాగా తగ్గించేసి గింజలతో సరిపెట్టుకుంటే షుగర్ పడిపోవచ్చు. 70 కంటే తక్కువుంటే అప్పుడు గింజలు తింటూ కూర్చోవద్దు, అవి షుగర్‌ని గబుక్కున పెంచలేవు. మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూసుకోండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తర్వాత మందు మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

కిడ్నీ సమస్య కూడా ఉన్నవాళ్లు మొదలుపెట్టకముందే అడగాలి, గింజల్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ.