నమూనా రైలు పట్టాల కింద కంకర చెదరకుండా

హెచ్‌ఓ సైజు రైలు నమూనాలో పట్టాల మధ్య కంకర పరిచి జిగురు నీళ్లు పోస్తే, చుక్క ముత్యంలా పైనే నిలబడుతుంది, లేదా కంకరలో గుంటలు చేస్తుంది. గంటసేపు సర్దినదంతా పాడు.

నేను రోబో ఇసుకను టీ జల్లెడలో జల్లించి, కిందికి దిగినదాన్ని కడిగి ఆరబెట్టి వాడుతున్నాను. ఈ నమూనా అసలు రైలులో 87వ వంతు కాబట్టి 50 మిల్లీమీటర్ల కంకర రాయి ఇక్కడ అర మిల్లీమీటరు పైచిలుకే. ఇసుకలో ఇనుప రజను ఉంటే ఇంజిన్ మోటారు లాగేసుకుంటుంది, ముందే అయస్కాంతం తిప్పి తీసేయండి.

మెత్తటి బ్రష్‌తో సర్దాక, పావు లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు కలిపి, కంకర అడుగుదాకా తడిసేలా స్ప్రే బాటిల్‌తో సన్నగా కొట్టండి. అసలు కిటుకు ఈ తడపడమే. తర్వాత ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి, సూది తీసిన సిరంజితో చుక్కలుగా వదలండి. దానంతటదే పీల్చుకుంటుంది. రాత్రంతా ఆరనివ్వండి. పట్టాల పైభాగం మాత్రం తడి ఉండగానే తుడవాలి, లేకపోతే ఇంజిన్‌కు కరెంటు అందదు.

పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లే చోట, ఈ పద్ధతి వద్దు. కదిలే పట్టాల కిందికి జిగురు జారితే అవి బిగుసుకుపోతాయి. అక్కడ చిక్కటి ఫెవికాల్‌ను సన్నని బ్రష్‌తో స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) మధ్య రాసి, పైన కంకర చల్లండి.