వార్త వెనక చట్టం – 4వ పాఠం: నో ఫ్లై జోన్, మళ్లీ ఒకసారి

నో ఫ్లై జోన్ (విమానాలు ఎగరకూడదని నిషేధించిన ఆకాశ ప్రాంతం) మీద పోయిన పాఠానికి హనుమకొండ, కరీంనగర్ నుంచి గ్రూప్స్ అభ్యర్థులు పంపిన జవాబులు చదివాను. చాలామంది ఒకేచోట జారారు. పెద్ద నాయకులు వరంగల్ వచ్చినప్పుడు పోలీసులు డ్రోన్లు ఎగరేయొద్దంటారు కదా, సైన్యాలు పెట్టే నో ఫ్లై జోనూ అదే, కాస్త పెద్దది అని రాశారు. కాదు. ఇక్కడ మన ఆకాశం మీద మన ప్రభుత్వమే ఆంక్ష పెడుతుంది. అక్కడ బయటి దేశాలు వచ్చి 'నీ ఆకాశంలో నీ యుద్ధ విమానం ఎగరొద్దు' అంటాయి. వినకపోతే కూల్చాలి. కూల్చేవాళ్లు క్షేమంగా తిరగాలంటే ముందు నేల మీది రాడార్లను, క్షిపణులను కొట్టాలి. అది యుద్ధమే. 2022లో ఉక్రెయిన్ ఎంత అడిగినా అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో కాదన్నది, రష్యాతో నేరుగా తలపడాల్సి వస్తుందనే.

ఉద్దేశం మాత్రం మంచిదే: పౌరుల మీద బాంబులు పడకుండా ఆపడం. ఇరాక్ ఉత్తరాన 1991 నుంచి అక్కడి మైనారిటీ జాతి కుర్దులకు సద్దాం విమానాల నుంచి ఆ నీడ దొరికింది. కానీ బోస్నియాలో 1993 నుంచి నాటో కాపలా కాసినా, 1994లో నాలుగు సెర్బు విమానాలను కూల్చినా, 1995 జూలైలో అక్కడి స్రెబ్రెనిత్సా పట్టణంలో బోస్నియా సెర్బు బలగాలు 8,000 మందికి పైగా పురుషులను, అబ్బాయిలను చంపేశాయి. ఆ హంతకులకు విమానాలు అవసరం పడలేదు.

ఇక నాకు బాగా చిరాకు తెప్పించే పొరపాటు. 'లిబియా నో ఫ్లై జోన్ ఆ దేశ పాలకుడు గడాఫీని దించింది' అని రాయకండి. 2011 మార్చి 17న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన 1973వ నంబరు తీర్మానంలో 6వ పేరా విమానాలను నిషేధిస్తుంది. 8వ పేరా దాన్ని అమలు చేసే అధికారం ఇస్తుంది. గడాఫీ ట్యాంకుల మీద దాడులకు ఆధారం ఇవి రెండూ కావు, 4వ పేరా: పౌరుల రక్షణకు 'అవసరమైన అన్ని చర్యలూ'. వివాదమంతా ఆ మాట దగ్గరే. పౌరులను కాపాడమంటే ప్రభుత్వాన్నే మార్చారని రష్యా, చైనా తర్వాత గట్టిగా నిలదీశాయి. భారత్ ఆ రోజు ఓటింగ్‌కు దూరంగా ఉంది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. మీరు ఒప్పుకోకపోతే కారణం రాయండి, మార్కులు కోయను.

అభ్యాసం: సారాంశాలు వద్దు, తీర్మానం అసలు పాఠమే చదవండి. 4, 6, 7, 8 పేరాల్లో ఎవరికి ఏ అధికారం వచ్చిందో, ఏ మినహాయింపు ఉందో విడివిడిగా రాయండి. తర్వాత 1991 నాటి 688వ నంబరు తీర్మానం తీసి, ఇరాక్ జోన్లకు అనుమతి అందులో ఏ వాక్యంలో ఉందో వెతకండి. దొరక్కపోతే, ఆ జోన్లను అమలు చేసిన అమెరికా, బ్రిటన్ దాన్నే ఎందుకు చూపించాయో ఒక పేజీలో వాదించండి.