పాత పికప్‌ను కిందికి దించే స్ప్రింగులు: కొనేముందు కొలవాల్సినవి

కేటలాగులో "రెండు అంగుళాలు తగ్గుతుంది" అని రాసిన స్ప్రింగు మీ బండిని రెండు అంగుళాలు దించుతుందని నమ్మకండి. ఆ లెక్క ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున బండి ఎంత ఎత్తులో ఉండేదో దాన్ని బట్టి వేసినది. యాభై ఏళ్లుగా బరువు మోసిన స్ప్రింగులు ఇప్పటికే ఒక అంగుళం కుంగి ఉంటే, కొత్తవి వేశాక మీకు కనిపించే తేడా ఒక్క అంగుళమే. అందుకే ఏ స్ప్రింగు కొనాలని ఎవరైనా అడిగితే, ముందు టేపు తీసుకుని బండి దగ్గరికి వెళ్లమంటాను.

నా బండి 1971 షెవర్లే సీ10. పొడవాటి తొట్టి, 350 వీ8 ఇంజిన్. అందంగా కిందికి ఆనుకుని కనిపించాలన్న కోరిక నాకూ ఉంది. అయితే దాని తొట్టిలో ఇప్పటికీ సామాను వేస్తాను, వేస్తూనే ఉండాలనుకుంటున్నాను. కింద చెప్పేదంతా ఆ దృష్టితోనే చూడండి. బరువు మోయలేని పికప్ నాకు నచ్చదు.

చదునైన నేల మీద బండిని నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు మూలలనూ రెండు మూడు సార్లు కిందికి నొక్కి వదలండి. తర్వాత చక్రం మధ్య బిందువు నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు సైజు లెక్కను తారుమారు చేస్తుంది. నా బండిలో డ్రైవరు వైపు అర అంగుళం తక్కువ ఉండేది. అంత తేడా కొత్త జతతో చాలావరకు పోతుంది. అంతకంటే ఎక్కువగా ఉంటే స్ప్రింగును నిందించే ముందు అరిగిన బుష్‌లను (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులను), వంగిన ఫ్రేమును చూడాలి.

రెండో కొలత ఇంకా ముఖ్యం. చాలామంది దీన్ని వదిలేస్తారు. వెనుక ఇరుసుకూ దాని పైనున్న రబ్బరు బంప్ స్టాపుకూ (ఇరుసు ఫ్రేముకు తగలకుండా ఆపే దిమ్మకూ) మధ్య ఖాళీ ఎంతుందో, ముందు వైపు కింది కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకు కలిపే కదిలే చేయి) దగ్గర ఎంతుందో కొలిచి రాసుకోండి. బండి గతుకుల మీద పైకీ కిందికీ ఆడేది ఈ ఖాళీలోనే. స్ప్రింగుతో మీరు దించే ప్రతి అంగుళమూ దీన్నుంచే పోతుంది.

ఉదాహరణకు వెనుక ఖాళీ ఐదు అంగుళాలు ఉందనుకుందాం. నాలుగు అంగుళాలు దించితే మిగిలేది ఒకటి. ఇప్పుడు తొట్టిలో ఇరుసుకు సరిగ్గా పైన 400 పౌండ్ల సామాను వేశారు. ఒక్కో వైపు 200 పౌండ్లు. చక్రం దగ్గర లెక్క వేస్తే స్ప్రింగు గట్టిదనం (ఒక అంగుళం నొక్కడానికి కావాల్సిన బరువు) అంగుళానికి 200 పౌండ్లయితే, బండి సరిగ్గా ఒక అంగుళం కుంగుతుంది. అంటే కదలకముందే ఇరుసు బంప్ స్టాపు మీద కూర్చుంది. మొదటి గతుకులో ఆ దెబ్బ నేరుగా ఫ్రేముకు తగులుతుంది. దీనికి రెండే దారులు: తక్కువ దించడం, లేదా ఇరుసుకు పైన ఫ్రేమును అర్ధచంద్రాకారంగా కోసి బలమైన పట్టీతో బిగించే సీ-నాచ్ చేయించడం. వెనుక నాలుగు అంగుళాలు, ఆపైన దించాలనుకునేవారు సీ-నాచ్ ఖర్చునూ స్ప్రింగు ధరతో కలిపి లెక్కించుకోవాలి. నేను వెనుక మూడు అంగుళాల దగ్గరే ఆగాను, ఫ్రేమును ముట్టుకోలేదు. బరువు వేసిన తర్వాత కూడా కనీసం అంగుళంన్నర ఖాళీ మిగలాలన్నది నేను పెట్టుకున్న హద్దు.

మీ బండికి ఏ రకం సస్పెన్షన్ ఉందో తెలియకుండా కేటలాగు తెరవకండి. షెవర్లే హాఫ్-టన్ను బండ్లలో (సీ10 ఈ తరగతిదే) 1960 నుంచి 1962 వరకు ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉండేవి, కాయిల్ (చుట్టల) స్ప్రింగులు 1963లో వచ్చాయి. వెనుక కాయిల్ స్ప్రింగులు 1972 వరకు సాగి, 1973 మోడల్ నుంచి లీఫ్ స్ప్రింగులకు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టలకు, చోటిచ్చాయి. ఫోర్డ్ ఎఫ్-100కు 1965లో ట్విన్ ఐ-బీమ్ (ఒక్కో ముందు చక్రానికి ఒక్కో ఉక్కు దూలం ఉండే పద్ధతి) వచ్చింది. ముందు కాయిల్, వెనుక లీఫ్. ఈ ట్విన్ ఐ-బీమ్ బండ్లకు పొట్టి స్ప్రింగు మాత్రమే వేసి దించితే ముందు చక్రాల పైభాగాలు లోపలికి వాలిపోతాయి, టైర్ల లోపలి అంచులు త్వరగా అరుగుతాయి. వాటికి కావాల్సింది వంపు మార్చి చేసిన ఐ-బీమ్‌లు. వెనుక లీఫ్ ఉన్న బండ్లలో కొద్దిగా దించాలంటే షాకిల్స్ (కట్ట చివరను ఫ్రేముకు కలిపే పట్టీలు) మార్చడం, ఎక్కువ దించాలంటే ఇరుసును కట్టకు పైకి మార్చే ఫ్లిప్ కిట్ వాడటం మామూలు.

ఇక ముందు స్ప్రింగులు. సీ10 లాంటి బండ్లలో కాయిల్ కింది కంట్రోల్ ఆర్మ్ మీద, చక్రానికీ లోపలి బోల్టుకూ దాదాపు మధ్యలో కూర్చుంటుంది. కాబట్టి స్ప్రింగు ఒక అంగుళం కురచైతే చక్రం దగ్గర దాదాపు రెండు అంగుళాలు దిగుతుంది. గట్టిదనానికి ఈ నిష్పత్తి రెండు సార్లు వర్తిస్తుంది, అంటే సగంలో సగం. స్ప్రింగు అంగుళానికి 600 పౌండ్లదైతే చక్రం దగ్గర సుమారు 150 మాత్రమే. కాబట్టి రెండు కంపెనీల అంకెలను పోల్చేటప్పుడు అవి స్ప్రింగు దగ్గరివా, చక్రం దగ్గరివా అని అడిగి తెలుసుకోండి.

తర్వాత ఇంజిన్ బరువు. తేలికైన ఇన్‌లైన్ సిక్స్ ఇంజిన్ కోసం చేసిన స్ప్రింగును బరువైన బిగ్ బ్లాక్ వీ8 కింద పెడితే ముక్కు అనుకున్నదానికంటే కిందికి పోతుంది. అల్యూమినియం బ్లాక్ ఉన్న కొత్త ఇంజిన్ వేసినవారికి దీనికి పూర్తిగా వ్యతిరేకం: బండి అనుకున్నంత దిగదు. ఏసీ, స్టీలు బంపరు, ముందున్న బ్యాటరీ అన్నీ బరువే. వీలైతే ముందు ఇరుసును వేబ్రిడ్జి మీద విడిగా తూయించి, ఆ అంకెను అమ్మేవారికి చెప్పండి. ఇంజిన్ వివరం అడగకుండా స్ప్రింగు అమ్మేచోట నేను కొనను.

ముందు ఎక్కువ దించాలంటే మొత్తం భారం స్ప్రింగు మీద వేయకండి. సీ10లకు రెండున్నర అంగుళాల డ్రాప్ స్పిండిల్స్ దొరుకుతాయి. ఇవి చక్రం బిగించే చోటును పైకి జరుపుతాయి తప్ప కంట్రోల్ ఆర్మ్‌ల కోణాన్ని, బంప్ స్టాపు దగ్గరి ఖాళీని తగ్గించవు. వాటికి తోడు ఒకటి, రెండు అంగుళాల స్ప్రింగు చాలు. రిమ్ము లోపలివైపు ఎక్కడా తగలకుండా తిరుగుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

పాత స్ప్రింగునే కోసి పొట్టి చేద్దామని సలహా ఇచ్చేవారుంటారు. ఎనిమిది పనిచేసే చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలినది ఏడో వంతు గట్టిపడుతుంది. ఎంత ఎత్తు తగ్గిందో, ఎంత గట్టిపడిందో విడివిడిగా ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉండదు. పైగా అది అలసిపోయిన ఉక్కు. మంటతో వేడిచేసి కుంగేలా చేయడమైతే అసలు చేయకూడని పని. ఉక్కుకు ఇచ్చిన పదును పోయి, ఆ స్ప్రింగు ఎప్పుడైనా కుంగవచ్చు, విరగవచ్చు.

స్ప్రింగులతోపాటే కురచ షాక్ అబ్జార్బర్లు కొనండి. పొడవైన పాతవి బంప్ స్టాపు కంటే ముందే లోపల అడుగంటి పాడవుతాయి. 1972 వరకు వచ్చిన కాయిల్ బండ్లలో వెనుక ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే ట్రాక్ బార్ ఒకటి ఉంటుంది. బండి దిగినప్పుడు అది ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. సవరించుకునే వీలున్న బార్ వేస్తే చక్రాలు తొట్టి మధ్యకు వస్తాయి. డిఫరెన్షియల్ (వెనుక ఇరుసు మధ్యలో గేర్లుండే పెట్టె) ముక్కు కోణం కూడా మారుతుంది. వేగంలో వణుకు మొదలైతే వెతకాల్సింది అక్కడే.

నలిపి పట్టిన కాయిల్ జారితే ఎముక విరగ్గొడుతుంది. ముందువాటిని తీసేటప్పుడు బండిని స్టాండ్ల మీద నిలిపి, సరైన స్ప్రింగు కంప్రెసర్ (కాయిల్‌ను నలిపి పట్టే సాధనం) వాడి, కాయిల్‌ను ఫ్రేముకు గొలుసుతో కట్టి పని మొదలుపెట్టండి. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండి తన బరువు మీద కూర్చున్నాకే బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి ఎత్తు తప్పుగా నిలబడుతుంది, త్వరగా చిరుగుతుంది.

కొత్త స్ప్రింగులు తొలి కొన్ని వందల మైళ్లలో ఇంకాస్త కుంగుతాయి. బిగించగానే అలైన్‌మెంట్ చేయించండి, అవి సర్దుకున్నాక మరోసారి చూపించండి. హెడ్‌లైట్ల వెలుగు ఎక్కడ పడుతుందో కూడా అప్పుడే సరిచేయించండి. వెనుకకంటే ముందు ఎక్కువ దించి ఉంటే, వెలుగు బండికి మరీ దగ్గరగా పడుతుంటుంది.