స్ట్రీములు కనిపిస్తున్నాయి, రాయల్టీ రావడం లేదు: స్వతంత్ర తెలుగు సంగీతకారులకు సమస్య - పరిష్కారం

సొంతంగా పాట రికార్డు చేసి, డిస్ట్రిబ్యూటర్ (పాటలను వేదికలకు చేర్చే సంస్థ) ద్వారా స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్ వంటి వేదికలపై విడుదల చేసేవారు ఇప్పుడు తెలుగులో ఎందరో ఉన్నారు. జానపద పాటలు చేసేవారు, ప్రైవేటు ఆల్బమ్‌లు తెచ్చేవారు, అన్నమాచార్య కీర్తనలు పాడి విడుదల చేసే గాయనీగాయకులు వేర్వేరు దారుల్లో ఉన్నా, రాయల్టీ విషయంలో వారికి ఎదురయ్యే చిక్కులు మాత్రం దాదాపు ఒక్కటే. రావలసిన డబ్బు రాకపోవడానికి శ్రోతలు లేకపోవడం కన్నా పేర్లు, కోడ్‌లు, వాటాలు సరిగా నమోదు కాకపోవడమే ఎక్కువసార్లు కారణమని నా గట్టి అభిప్రాయం. మంచి పాట చేసినవారు ఈ చిన్న కారణాల వల్ల నష్టపోవడం బాధాకరం.

సమస్యల్లోకి వెళ్లే ముందు ఒక విషయం స్పష్టం కావాలి. ఒక్క పాటలో రెండు రకాల హక్కులు ఉంటాయి. సాహిత్యం, బాణీ కలిసిన రచనపై ఉండేది ఒకటి; స్టూడియోలో తయారైన సౌండ్ రికార్డింగ్‌పై ఉండేది మరొకటి. పాట స్ట్రీమ్ అయినప్పుడు ఈ రెండింటికీ రాయల్టీ పుడుతుంది, కానీ ఆ డబ్బు రెండు వేర్వేరు దారుల్లో ప్రయాణిస్తుంది. రికార్డింగ్ డబ్బు డిస్ట్రిబ్యూటర్ లేదా లేబుల్ ద్వారా వస్తుంది. రచన డబ్బు కాపీరైట్ సొసైటీ (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) ద్వారానో, రచన హక్కులను చూసుకునే పబ్లిషర్ ద్వారానో వస్తుంది. కనుక ఏ ఇబ్బంది వచ్చినా, ఆగిపోయినది ఏ దారిలోని డబ్బు అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఇది తేల్చుకోకుండా రాసిన ఫిర్యాదులకు సాధారణంగా "అది మా పరిధిలో లేదు" అన్న జవాబే వస్తుంది.

"యాప్‌లో స్ట్రీములు కనిపిస్తున్నాయి, డిస్ట్రిబ్యూటర్ ఖాతాలో మాత్రం సున్నా"

మొదటి కారణం కాలవ్యవధి. ఆర్టిస్టు యాప్‌లో అంకెలు ఏ రోజుకారోజు మారుతుంటాయి గాని, లెక్కలు నెల ముగిశాకే మొదలవుతాయి. వేదిక ఆ నెల ఆదాయాన్ని తేల్చి డిస్ట్రిబ్యూటర్‌కు నివేదిక పంపాలి, డిస్ట్రిబ్యూటర్ దాన్ని వేలాది ఖాతాలకు విడగొట్టాలి. దీనికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. విడుదలైన నాలుగో నెల దాటినా ఏ వేదిక పేరూ నివేదికలో కనిపించకపోతే, అప్పుడు పాట ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ప్రతి రికార్డింగ్‌కూ విడిగా ఉండే గుర్తింపు కోడ్), విడుదల తేదీ, వేదిక పేరు జతచేసి డిస్ట్రిబ్యూటర్‌కు రాయాలి.

రెండో కారణం చాలామందికి తెలియనిది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్ గడచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు సాధిస్తేనే దానికి రికార్డింగ్ రాయల్టీ లెక్కిస్తారు. పది పాటలున్న ఆల్బమ్‌లో ఒక్కొక్కటి 600 సార్లు వినబడితే మొత్తం 6,000 అవుతుంది గాని, ఈ నిబంధన ప్రకారం వాటిలో ఏ ఒక్కదానికీ డబ్బు రాదు. చిన్న కళాకారులకు ఇది అన్యాయమన్నదే నా మాట. అయినా నిబంధన ఉన్నంతకాలం దానికి తగ్గట్టు నడుచుకోక తప్పదు. ఆల్బమ్ మొత్తాన్ని ఒకేరోజు వదిలేయకుండా, ఒక్కో పాటను కొంత ఎడంతో విడుదల చేసి, ప్రతిదానికీ శ్రోతలను విడిగా సమకూర్చుకోవడం మేలు. ఒక స్ట్రీముగా లెక్కకు రావాలంటే కనీసం 30 సెకన్లు వినాలి కాబట్టి, పొడవైన ఆలాపనతో మొదలయ్యే పాటలకు ఆ తొలి అరనిమిషం కీలకమని కూడా గుర్తుంచుకోవాలి.

ఇవి రెండూ కాకపోతే, డిస్ట్రిబ్యూటర్ పెట్టిన కనీస చెల్లింపు మొత్తం ఇంకా నిండకపోవడమో, పన్ను పత్రం నింపకపోవడమో కారణమై ఉంటుంది. ఖాతా సెట్టింగుల్లో ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

"స్ట్రీముకు ఇంత అని విన్నాను, నాకు అందులో పదో వంతు కూడా రాలేదు"

స్ట్రీముకు ఇంత అనే స్థిరమైన రేటు స్పాటిఫైలో లేదు. ఒక దేశంలో ఆ నెల వచ్చిన చందాలు, ప్రకటనల ఆదాయంలో హక్కుదారుల వాటాను పక్కన పెట్టి, అక్కడి మొత్తం స్ట్రీముల్లో మీ పాటకు ఎన్ని వచ్చాయన్న నిష్పత్తిలో పంచుతారు. భారతదేశంలో చందా ధర తక్కువ, ప్రకటనల మధ్య ఉచితంగా వినేవారు ఎక్కువ. అందుకే ఇక్కడి స్ట్రీముకు వచ్చే మొత్తం అమెరికా స్ట్రీముకు వచ్చేదానికన్నా బాగా తక్కువగా ఉంటుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే నివేదికను ఎక్సెల్‌లో తెరవండి. ప్రతి వరుసలో నెల, వేదిక, దేశం, ఐఎస్‌ఆర్‌సీ, స్ట్రీముల సంఖ్య, మొత్తం అని గడులుంటాయి. దేశం గడి ప్రకారం వరుసలను సర్ది, మొత్తాన్ని స్ట్రీముల సంఖ్యతో భాగించే ఒక కొత్త గడి చేర్చండి. ఒకే నెలలో, ఒకే పాటకు, ఒకే వేదికపై హైదరాబాద్ శ్రోత ఉన్న వరుసకూ డల్లాస్ శ్రోత ఉన్న వరుసకూ ఎంత తేడా ఉందో అక్కడే కనిపిస్తుంది. అమెరికాలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు కనుక, అక్కడి తెలుగు సంఘాల వేడుకల్లో, తెలుగు రేడియోల్లో మీ పాట వినిపించేలా చూసుకోవడం ఆదాయం దృష్ట్యా కూడా తెలివైన పని.

నివేదికలో ఉన్నదానికన్నా బ్యాంకుకు తక్కువ వస్తే, అది వేరే సమస్య. డిస్ట్రిబ్యూటర్ కమీషన్, డాలరు మార్పిడి, బ్యాంకు రుసుము కాక, అమెరికా కంపెనీ ద్వారా డబ్బు వస్తుంటే అక్కడి పన్ను కూడా ఉంటుంది. విదేశీయులు నింపే అమెరికా పన్ను పత్రమైన డబ్ల్యూ-8బెన్‌లో పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని పేర్కొంటే, అమెరికా మూలమున్న రాయల్టీపై కోత 30 శాతానికి బదులు 15 శాతం ఉంటుంది. యూట్యూబ్ ఆదాయం తీసుకునే వ్యక్తులు చెల్లింపులు వచ్చే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో పన్ను వివరాలు అసలే ఇవ్వకపోతే, ప్రపంచవ్యాప్త ఆదాయం మొత్తంపై 24 శాతం వరకు కోసే వీలుంది. అక్కడ కట్టిన పన్నుకు మన ఆదాయపు పన్ను రిటర్నులో క్రెడిట్ కోరవచ్చు. ఆ పత్రాలు దాచి ఆడిటర్‌కు ఇవ్వండి.

"పాట నాదే, మాట నాదే, బాణీ నాదే, ఆ వాటా మాత్రం ఎన్నడూ రాలేదు"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. డిస్ట్రిబ్యూటర్ నుంచి డబ్బు వస్తోంది కాబట్టి అన్నీ వస్తున్నాయని అనుకుంటారు. కానీ అది రికార్డింగ్ వాటా మాత్రమే. గీత రచయితగా, సంగీత దర్శకుడిగా రావలసినది మన దేశంలో ప్రధానంగా ఐపీఆర్‌ఎస్ అనే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ద్వారా రావాలి. 1969లో ఏర్పడిన ఈ సంస్థ 2017లో ప్రభుత్వం వద్ద తిరిగి కాపీరైట్ సొసైటీగా నమోదైంది. సభ్యత్వం లేని రచయిత పేరుమీద డబ్బు వసూలైనా, దాన్ని చేర్చడానికి చిరునామా ఉండదు.

పరిష్కారం రెండు మెట్లు. మొదట గీత రచయితగానో, స్వరకర్తగానో, రెండూ అయితే రెండు హోదాల్లోనో సభ్యత్వం తీసుకోవాలి. అలా చేరినవారికి ప్రపంచమంతటా గుర్తింపుగా పనిచేసే ఐపీఐ నంబరు వస్తుంది. తరువాత ప్రతి పాటనూ విడిగా నమోదు చేయాలి. చాలామంది మొదటి మెట్టు ఎక్కి ఆగిపోతారు. సభ్యత్వం ఉంది గాని ఒక్క పాటా నమోదు కాలేదంటే ఫలితం శూన్యమే. నమోదు సమయంలో రికార్డింగ్ ఐఎస్‌ఆర్‌సీని కూడా జతచేస్తే, వేదికలు పంపే స్ట్రీముల లెక్కకూ మీ రచనకూ లంకె సులువుగా కుదురుతుంది. రచయిత, స్వరకర్త వేర్వేరు వ్యక్తులైతే, ఇద్దరూ ఒకే వాటాలు రాయాలి. ఇద్దరి నమోదులూ కలిపి నూరు శాతం దాటితే వివాదంగా గుర్తించి, తేలేదాకా చెల్లింపు ఆపేస్తారు. స్టూడియోలో పాట పూర్తయిన రోజే, మిక్సింగ్‌కు ముందే, వాటాలను ఒక కాగితంపై రాసి అందరూ సంతకాలు చేయడం అలవాటు చేసుకోవాలి.

లేబుల్‌కు పాట అమ్మేశాం కాబట్టి ఇక హక్కు లేదనుకోవడం కూడా పొరపాటు. 2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం, సినిమా పాటకైనా ప్రైవేటు పాటకైనా, మాట రాసినవారూ బాణీ కట్టినవారూ తమ రాయల్టీ హక్కును వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరొకరికి రాసివ్వలేరు. సినిమా హాలులో ప్రదర్శన మినహా ఇతర వినియోగాల్లో వచ్చే రాయల్టీని హక్కు కొన్నవారితో సమానంగా పంచుకునే వీలును ఆ సవరణ వారికి ఇచ్చింది. గీత రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభలో ఈ సవరణ కోసం గట్టిగా వాదించారు. ఊళ్లో కూర్చుని పాట రాసి, ఒక్కసారి పారితోషికంతో సరిపెట్టుకునే మన జానపద కవులకు ఈ విషయం చేరవలసినంతగా చేరలేదు.

అమెరికా శ్రోతలు ఉన్నవారు మరొకటి కూడా చేయవచ్చు. అక్కడ స్ట్రీమింగ్‌కు సంబంధించిన మెకానికల్ రాయల్టీని (రచనకు వచ్చే రాయల్టీలో ఒక భాగం) 2021 నుంచి ఎంఎల్‌సీ అనే సంస్థ వసూలు చేస్తోంది. దాని వెబ్‌సైటులో పాట పేరుతో ఎవరైనా వెతకవచ్చు. మీ పాట ఉండి, ఎదురుగా రచయిత వాటా ఖాళీగా కనిపిస్తే, దాన్ని మీ తరఫున ఎవరు కోరాలన్నది ముందు మీ సొసైటీని అడిగి తెలుసుకోండి. ఒకే వాటాను ఇద్దరు కోరితే మళ్లీ చెల్లింపు ఆగుతుంది.

"నా పాట వేరొకరి పేజీలో కనిపిస్తోంది"

తెలుగు పేర్లకు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే రూపం ఉండదు. లక్ష్మి అని రాయడానికి ఒకరు "కెఎస్‌హెచ్" వాడతారు, మరొకరు "ఎక్స్" వాడతారు. ఇంటిపేరును ఒక పాటకు పొడి అక్షరంగా ముందు పెట్టి, ఇంకో పాటకు పూర్తిగా రాసి, మూడోదానికి వదిలేస్తే, వేదిక దృష్టిలో వారు ముగ్గురు మనుషులు. పైగా శ్రీనివాస్, రమేష్, స్వాతి వంటి పేర్లతో ఎందరో గాయకులు ముందే ఉంటారు.

ఇక్కడ కంగారు పడవలసినంత లేదు. రికార్డింగ్ డబ్బు పేజీని బట్టి కాక, పాటను పంపిన డిస్ట్రిబ్యూటర్ ఖాతాను బట్టి వెళ్తుంది కనుక అది మీకే వస్తుంది. పోయేది శ్రోతలు. ఒకే స్పెల్లింగును ఎంచుకుని జీవితాంతం దానికే కట్టుబడి, అప్‌లోడ్ చేసేటప్పుడు మీ ఆర్టిస్టు పేజీ లింకును ఇవ్వండి; తప్పు పేజీలో పడినదాన్ని డిస్ట్రిబ్యూటర్ ద్వారా మార్పించండి. అయితే సొసైటీలో నమోదైన పేరు వేరుగా ఉంటే మాత్రం డబ్బే ఆగుతుంది. అక్కడ ఐపీఐ నంబరు తప్పక రాయాలి.

"నా సొంత వీడియోపై నాకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది"

నమోదైన పాటలతో వీడియోల ఆడియోను పోల్చి చూసే యూట్యూబ్ కంటెంట్ ఐడీ వ్యవస్థలో ఇది తరచుగా జరుగుతుంది. క్లెయిమ్ వివరాల్లో హక్కుదారుగా మీ డిస్ట్రిబ్యూటర్ పేరే ఉంటే, అది మీ తరఫున పనిచేస్తున్నట్టే. మీ ఛానెల్‌ను మినహాయింపు జాబితాలో చేర్చమని అడిగితే చాలు. తెలియని పేరుంటే, అదే రికార్డింగ్‌ను వీడియో నిర్మాత కూడా వేరే సంస్థ ద్వారా కంటెంట్ ఐడీలో చేర్చి ఉండవచ్చు. లేదా అందరికీ అమ్మే రెడీమేడ్ బీట్, డప్పు లూప్ వాడిన మరొకరు తమ పాటను చేర్చడంతో ఆ లూప్ వల్ల మీ పాటా పట్టుబడి ఉండవచ్చు. ఇతరులకు కూడా లైసెన్సు ఉన్న శబ్దాలు కంటెంట్ ఐడీకి పనికిరావు. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు వివాదం దాఖలు చేస్తే, మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని తేలేవరకు యూట్యూబ్ పక్కన ఉంచుతుంది. ఎదుటివారు 30 రోజుల్లో స్పందించకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది.

కీర్తనల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. అన్నమయ్య 1503లో, త్యాగరాజు 1847లో పరమపదించారు. వారి సాహిత్యంపై ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ నేడు మనం పాడే అన్నమయ్య కీర్తనల్లో చాలావాటికి బాణీలు ఇరవయ్యో శతాబ్దంలో, ఆ తరువాత కట్టినవే. అలా బాణీలు కట్టినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో, నేదునూరి కృష్ణమూర్తి 2014లో కన్నుమూశారు. స్వరకర్త మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది కాబట్టి, రాళ్లపల్లివారి బాణీలకైనా 2039 చివరివరకు రక్షణ ఉంది. ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో విచారించి అనుమతి తీసుకోవాలి. మెటాడేటాలో (పాటతో పాటు పంపే వివరాల్లో) స్వరకర్త గడిలో "సంప్రదాయ" అనో మీ పేరో రాయకూడదు. బాణీ మీరే కట్టినదైతే మాత్రం సాహిత్యం అన్నమయ్య పేర, స్వరం మీ పేర నమోదు చేయండి. ఆ స్వరకల్పనకు రాయల్టీ మీదే.

"డిస్ట్రిబ్యూటర్‌ను మార్చాను, లక్షల స్ట్రీములు సున్నా అయ్యాయి"

ఐఎస్‌ఆర్‌సీ మారిపోయింది. ఇది 12 అక్షరాంకెల కోడ్: ముందు రెండు అక్షరాల దేశ సంకేతం, తరువాత మూడు అక్షరాంకెల నమోదుదారు సంకేతం, రెండంకెల సంవత్సరం, చివర ఐదంకెల వరుస సంఖ్య. రికార్డింగ్ ఉన్నంతకాలం ఇది మారకూడదు. కొత్తచోట అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలితే కొత్త కోడ్ ఇచ్చేస్తారు. పాత కోడ్, పాత యూపీసీ (మొత్తం విడుదలకు ఉండే గుర్తింపు సంఖ్య), అదే ఆడియో ఫైలు, అదే పేరు ఇచ్చి, కొత్త కాపీ వేదికల్లో కనిపించాకే పాతదాన్ని తొలగించమనాలి. పాత ఖాతాను వెంటనే మూసేయవద్దు. చివరి నెలల రాయల్టీ అక్కడికే వస్తుంది.

"బాగా వస్తున్న పాట ఉన్నట్టుండి మాయమైంది"

కృత్రిమ స్ట్రీములు అనే ఆరోపణ తరచుగా దీనికి కారణం. ఇన్ని స్ట్రీములు ఇప్పిస్తామని డబ్బు తీసుకునే ప్రమోటర్లు వాటిని బాట్లతో (మనుషులకు బదులు పాటను మోగించే ప్రోగ్రాములతో) నడిపిస్తారు. అవి దొరికినప్పుడు రాయల్టీ రద్దవుతుంది. స్పాటిఫై ఆ ట్రాక్‌కు జరిమానాను డిస్ట్రిబ్యూటర్ మీద వేస్తుంది, డిస్ట్రిబ్యూటర్ దాన్ని మీ ఖాతాలో కోయవచ్చు. మీరు ఎవరికీ డబ్బు ఇవ్వకపోయినా, తెలియని ప్లేలిస్టులో పాట చేరడం వల్ల ఇలా జరగవచ్చు. మీకు సంబంధం లేని ఒక్క నగరం నుంచి ఒక్కసారిగా స్ట్రీములు పెరిగితే, ఆ తెర స్క్రీన్‌షాట్ తీసి, చర్య రాకముందే డిస్ట్రిబ్యూటర్‌కు మీరే తెలియజేయండి.

"పాడింది నేను, ఒక్కసారి ఇచ్చిన పారితోషికం తప్ప ఏమీ లేదు"

కాపీరైట్ చట్టంలోని 38ఎ సెక్షన్, వాణిజ్యపరంగా వాడిన ప్రదర్శనకు గాయకులు, వాద్యకారులు రాయల్టీకి అర్హులని చెబుతోంది. 2013లో ఇస్రా పేరుతో నమోదై ఇప్పుడు ఇసామ్రాగా ఉన్న గాయకులు, వాద్యకారుల హక్కుల సంస్థలో సభ్యత్వం తీసుకుని, మీరు పాడిన ప్రతి పాటనూ అక్కడ చేర్చండి. స్వతంత్రంగా విడుదలయ్యే పాటకైతే మరింత నేరైన దారి ఉంది: చాలా డిస్ట్రిబ్యూటర్ల వద్ద రికార్డింగ్ ఆదాయాన్ని శాతాలవారీగా నేరుగా ఒక్కొక్కరి ఖాతాకు పంపే ఏర్పాటు ఉంటుంది. మైకు ముందు నిలబడకముందే ఎంత శాతమో అడిగి, ఆ ఆహ్వానం మీ ఈమెయిలుకు వచ్చాక అంగీకరించండి. అంగీకరించని ఆహ్వానంలోని వాటా మీ ఖాతాకు చేరదు.