నలభై దినాల ఉపవాసానికి ముందు కొన్ని జాగ్రత్తలు

క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు వరకు లెక్కేస్తే 46 రోజులు. ఉపవాసం లెక్కలోకి రాని ఆరు ఆదివారాలు తీసేస్తే 40. చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో ఇప్పటికే నీసు మానేద్దామా, ఒక పూట భోజనం మానేద్దామా అనే మాటలు మొదలై ఉంటాయి. ఈ దినాల్లో ఒంటికి వచ్చే ప్రమాదం కన్నా మనసుకు వచ్చే ప్రమాదమే పెద్దదని నా నమ్మకం. దేవుని ముందు తగ్గించుకుందామని మొదలుపెట్టిన ఉపవాసమే మనకు తెలియకుండా మనల్ని హెచ్చించేస్తుంది.

లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నాననే చెప్పుకున్నాడు. ఆ మాట అబద్ధమని యేసు అనలేదు. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది, కన్నులెత్తడానికైనా ధైర్యం చాలక దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు.

కాబట్టి ఏం మానాలో తేల్చుకునే ముందు ఎవరితో లెక్క తేల్చుకోవాలో చూసుకోండి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. యెషయా 58వ అధ్యాయం ఇంకా సూటిగా, ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవారిని నిలదీస్తుంది. మన ఇంట్లో పనిచేసే అమ్మాయి జ్వరంతో రెండు రోజులు రాకపోతే జీతంలో కోత పెట్టామా? ఆ డబ్బు బుధవారం కన్నా ముందే ఆమె చేతికి వెళ్లాలి. చర్చి కానుకల పెట్టెలో అంతకు రెట్టింపు వేసినా ఆమె బాకీ తీరదు. యేసును కలిసిన సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలుగా ఎవరికి ఇస్తానన్నాడో గుర్తుచేసుకోండి, ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకే.

క్షమాపణ అడిగేటప్పుడూ జాగ్రత్త అవసరం. "నా మాట వల్ల బాధ కలిగి ఉంటే సారీ వదినా" అంటే తప్పు సగం ఆమె మీదికే నెట్టినట్టు. "పెళ్లిలో అందరి ముందు మీ పుట్టింటి గురించి అన్నాను వదినా, అది తప్పు, క్షమించండి" అనాలి. ఆ తర్వాత సంజాయిషీ వద్దు. ఆమె వెంటనే క్షమించకపోతే కోపం తెచ్చుకోవద్దు. ఆమెకు టైమ్ కావాలి.

ఉపవాసం గురించి వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. తండ్రికి మాత్రమే కనబడేలా తలకు నూనె రాసుకుని, ముఖం కడుక్కుని ఉండమని మత్తయి 6వ అధ్యాయంలో ఉంది. ఇంట్లో వండేవాళ్లకు మాత్రం ముందే చెప్పాలి. అన్నం వండాక వద్దనడం వాళ్లను కష్టపెట్టడమే. ఆఫీసులో ఎవరైనా భోజనానికి పిలిస్తే "ఈ రోజు వద్దండి" అంటే సరిపోతుంది. ఆకలి వేసినప్పుడు పిల్లల మీద, డ్రైవర్ల మీద విసుక్కోవడం ఎక్కువైతే ఆ పూట తినేయండి. అలా విసుక్కుంటూ కొనసాగించే ఉపవాసం ఎవరికీ మేలు చేయదు.

వీసా కోసం, సంబంధం కుదరడం కోసం నలభై రోజులు బేరం పెట్టకండి. అవసరాలు అడగడం తప్పు కాదు, అడగండి. మారుమనస్సును మాత్రం వాటికి వెలగా కట్టవద్దు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, బాలింతలు డాక్టర్‌ను అడగకుండా పూటలు మానవద్దు. చెమటలు పట్టి చేతులు వణికితే అది ఆత్మీయ పరీక్ష కాదు, షుగర్ పడిపోతూ ఉండవచ్చు. వెంటనే చక్కెరో గ్లూకోజో నోట్లో వేసుకోవాలి. కతోలిక సంఘం కూడా భస్మ బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసాన్ని 18 నుంచి 59 ఏళ్ల వారికే నియమించింది, అదీ ఒక పూర్తి భోజనంతో. జబ్బు చేసినవారికి ఆ నియమం లేదు. చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ కొండ మెట్ల దారిలో, యేసు సిలువ శ్రమలను గుర్తుచేసే సిలువ మార్గం 14 స్థలాలు ధ్యానిస్తూ ఎక్కాలనుకునేవారు ఎండ రాకముందే బయలుదేరండి, నీళ్లు దగ్గర ఉంచుకోండి.

మధ్యలో ఒక రోజు తప్పితే మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. అంతకన్నా ముఖ్యం, పాపం గుర్తొచ్చి గుండె బరువెక్కినప్పుడు ఒంటరిగా ఉండకండి. యేసును పట్టించిన శిష్యుడు యూదా కూడా పశ్చాత్తాపపడి 30 వెండి నాణాలు తిరిగి ఇచ్చేశాడు, కానీ ఒంటరిగా వెళ్లి ప్రాణం తీసుకున్నాడు. యేసు ఎవరో తెలియదని బొంకిన పేతురు వెక్కివెక్కి ఏడ్చి, తర్వాత తోటి శిష్యుల దగ్గరే ఉన్నాడు. ప్రభువు అతన్ని అక్కడే కలుసుకున్నాడు. పాస్టర్‌కో ఫాదర్‌కో, నమ్మకమైన ఒక పెద్దకో చెప్పుకోండి. నిద్ర పట్టక, నేను బతకడం ఎందుకు అనే తలంపులు వస్తుంటే ఇంట్లో వాళ్లకు చెప్పి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉపవాసం ఆపేయండి.